థీమ్ కుదిరింది: ఫోన్‌లో ఉన్న ఊరు

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లం కొందరం కలిసి రెండు రోజుల సమావేశం పెట్టుకుందామనుకున్నాం. హాలు, భోజనాలు, రైలు టికెట్లు, ఇలా ఒక్కో పనికి ఒక్కొక్కరు ముందుకొచ్చారు గానీ థీమ్ దగ్గరే మూడు ఆదివారాలు గడిచిపోయాయి.

మొదట వచ్చిన మాటలు "సమ్మిళితత్వం", "సుస్థిర భవిష్యత్తు". ఎవరూ కాదనలేదు, నాకు టెన్షన్ పట్టుకుంది అందుకే. ఎవరూ కాదనలేని మాట కింద ఏ ప్రసంగమైనా ఇమిడిపోతుంది. ప్రసంగాలకి మనకున్నవి పన్నెండు స్లాట్లు. సెలవు పెట్టి, సొంత డబ్బులతో బస్సెక్కి వద్దామనుకునే మనిషికి "ఈసారి మీ అంశం వద్దండీ" అని చెప్పాలంటే చేతిలో న్యాయమైన కారణం ఉండాలి కదా, ఆ కారణం ఇచ్చేదే థీమ్ అని నేను గట్టిగా నమ్ముతాను.

2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో జరిగిన వికీకాన్ఫరెన్స్ ఇండియాకి, అంటే దేశంలోని వికీపీడియా రచయితలంతా కలిసే సమావేశానికి, "స్ట్రెంగ్తెనింగ్ ద బాండ్స్" అని థీమ్ పెట్టుకున్నారు. అంతకుముందుది 2016లో చండీగఢ్ దగ్గర జరిగింది. ఏడేళ్ల ఎడం, మధ్యలో కోవిడ్, మనుషులు ముఖాముఖి కలిసి ఎన్నాళ్లయిందో. బంధాలు గట్టిపరుచుకుందాం అనడం అప్పటి అవసరం. మరి మన అవసరమేంటి?

దానికి జవాబు డిగ్రీ చదివే ఒకమ్మాయి దగ్గర దొరికింది. మూడో ఆదివారం ఫోన్ తీసి చూపించింది. చెరువు తూము, రచ్చబండ, రామాలయం ముందున్న శాసనం రాయి. రాయికి పసుపు పూసి, మధ్యాహ్నం ఎండలో తెల్లగా మెరుస్తోంది, అక్షరాలు సగం కనబడటం లేదు. "మా ఊరి పేజీలో ఒక్క ఫోటో కూడా లేదన్నా. ఇవి ఎక్కడ పెట్టాలి? నాకు ల్యాప్‌టాప్ లేదు" అంది. పక్కనే ఉన్న రిటైర్డ్ మాస్టారు ఒక్కో ఫోటో జరిపి చూస్తూ "ఊరంతా నీ ఫోన్లోనే ఉంది గదమ్మా" అన్నారు. థీమ్ అక్కడే తేలిపోయింది.

ఇక మిగతావన్నీ చకచకా కుదిరాయి. ఫోన్ నుంచే కామన్స్‌లోకి (వికీపీడియా వాడుకునే ఫోటోలు దాచే సైటు) ఫోటో ఎక్కించడం, వాయిస్ టైపింగ్‌తో వ్యాసం రాయడం. లైసెన్సుల గురించి, అంటే మన ఫోటోని ఇతరులు వాడుకోవచ్చని మనమిచ్చే అనుమతి గురించి మాత్రం గంట పూర్తిగా కేటాయించాం, ఎందుకంటే మనం తీసిన ఫోటోకే మనం లైసెన్సు ఇవ్వగలం, వాట్సాప్‌లో వచ్చినదాన్ని మనదని ఎక్కించకూడదు, కొత్తవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. వికీడేటా (వికీపీడియాకి తోడుగా ఉండే సమాచార పట్టిక) నుంచి ప్రశ్నలడిగి వివరాలు రాబట్టే క్వెరీల మీద నేను మాట్లాడదామనుకున్నాను, అది ఈ థీమ్‌లో ఇమడదు, వెనక్కి తీసుకున్నాను.

మొదటి సెషన్ ఆ అమ్మాయిదే. శాసనం మీద వెలుతురు పక్కనుంచి పడితే అక్షరాలు తేలతాయని మాస్టారు చెప్పారు, వచ్చే ఆదివారం సాయంత్రం ఎండ వాలాక ఆ రాయిని మళ్లీ తీస్తానంది.