చేతిరాత చీటీలు

న్యూజెర్సీలో మేముండే ఊరి వైన్ దుకాణంలో కొన్ని అరల అంచున చేతిరాత చీటీలు అంటించి ఉంటాయి. ఆ సీసాను మెచ్చిన ఉద్యోగి పొడి అక్షరాలు, దాన్ని ఏ వంటతో తాగితే బాగుంటుందో రెండు ముక్కలు వాటి మీద కనిపిస్తాయి. ఇనుప ఊచల వెనకనుంచి అడిగిన సరుకు, చిల్లర చేతిలో పెట్టి పంపేసే మన వైపు వైన్స్‌కు అలవాటుపడిన నాకు, అమ్మేవారికీ ఒక ఇష్టం ఉంటుందన్న సంగతే కొత్తగా తోచింది.

గోంగూర మాంసంలోకి ఏది నప్పుతుందని అడిగితే, కౌంటర్‌లోని పెద్దావిడ ఖరీదైన కాలిఫోర్నియా ఎర్ర వైన్ కాబెర్నే వైపు చూడనైనా చూడకుండా, జర్మనీలోని మోసెల్ లోయకు చెందిన రీస్లింగ్ కాబినెట్ అనే తేలికపాటి తెల్ల వైన్ తీసిచ్చారు. ఆల్కహాల్ ఎక్కువైతే కారం మంట ఇంకా పెరుగుతుందనీ, నిటారైన పలకరాతి వాలుల మీద పండే ద్రాక్షతో చేసే ఈ వైన్‌లో అది తరచుగా 8, 9 శాతమే ఉంటుందనీ, అందులో మిగిలిన కొద్దిపాటి తీపి కారాన్ని అణుస్తుందనీ, దాని పులుపు గోంగూర ముందు తేలిపోదనీ ఓపికగా వివరించారు. తీపి వైన్ అనగానే నాకు దగ్గుమందు గుర్తుకొచ్చిన మాట నిజమే గానీ, బాగా చల్లబరచి తాగితే ముద్దకూ ముద్దకూ మధ్య నాలుక తేటపడింది.

లాభం ఎక్కువ వచ్చే సరుకును అంటగట్టడానికి ఇలాంటి చీటీలు వాడే దుకాణాలూ లేకపోలేదు. అందుకే పొగడ్త కంటే ముందు, వంట పేరు రాశారా లేదా అన్నది చూస్తాను. ఆవిడ అక్షరాలున్న మరో చీటీ చూసి తెచ్చిన బోజొలే, గామే ద్రాక్షతో చేసిన తేలికపాటి ఎర్ర వైన్, ఈ ఆదివారం గుత్తివంకాయ కూరతో తెరవబోతున్నాం.