కారని పైపు

అమెరికా వచ్చిన కొత్తలో ఇంగ్లీషు కంటే జనరేటర్ల చప్పుడే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభై సార్లు ఊగుతుంది, కాబట్టి నేను పని నేర్చుకున్న డీజిల్ జనరేటర్లు నిమిషానికి 1500 చుట్లు తిరిగేవి. ఇక్కడ 60 హెర్ట్జ్, అదే రకం మిషన్ 1800 తిరుగుతుంది. ప్రతి ఇంజనూ వెనక ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోందనిపించేది. అది మామూలే అని చెవికి నచ్చజెప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు నా పని మోటార్‌హోమ్‌లు ఆగి ఉన్న చోటికే వెళ్లి రిపేరు చేయడం. బస్సంత బండి, లోపల ఇల్లు. ఆ ఇంటికి కరెంటు ఇచ్చే జనరేటర్ మాత్రం బండి ముందు భాగంలో ఒక పెట్టెలో ఇరుక్కుని ఉంటుంది. చేయి దూరితే స్పానర్ దూరదు, స్పానర్ దూరితే కంటికి ఏమీ కనబడదు.

పోయిన వేసవిలో రిటైరైన భార్యాభర్తల బండి ఒకటి చూశాను. జనరేటర్ సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది, ఇరవై నిమిషాలో గంటో నడుస్తుంది, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్. అప్పటికే ఒకరు ఫిల్టరు, డీజిల్ పంపు మార్చారు. ఇంకొకరు కంట్రోల్ బోర్డు మార్చారు. ఆ బోర్డు సంగతి వింటేనే నాకు చిరాకేసింది. ఆగిపోయాక ఆ బోర్డే స్విచ్‌లోని లైటును ఇన్నిసార్లని మిణుకుమనిపిస్తుంది, ఆ లెక్కను బట్టి కారణం తెలుస్తుంది. ఆయిల్ ప్రెషర్ తగ్గిందా, వేడెక్కిందా, స్పీడు పెరిగిందా, అన్నిటికీ వేరు వేరు కోడ్‌లు. ఈ మిషన్ ప్రతిసారీ చూపిస్తున్న కోడ్‌కి అర్థం ఒక్కటే: ‘నేను ఆపమనలేదు, ఇంజనే ఆగిపోయింది.’ సాక్షి చెప్పేది వినకుండా సాక్షినే మార్చేశారు.

వాళ్లను మరీ తప్పుపట్టలేను. ఇక్కడ గంటల లెక్కన బిల్లు. వెతుకుతూ కూర్చుంటే కస్టమర్ గడియారం చూస్తాడు. పార్టు మారిస్తే కనీసం ఏదో జరిగినట్టు కనబడుతుంది. పైగా నా యాసలో ‘ఇంకా చూడాలి’ అంటే ‘నాకు తెలీదు’ అన్నట్టే వినిపిస్తుందేమోనని నాకు మొదట్నుంచీ ఓ భయం.

అందుకని ముందు ఒకటే అడుగుతాను: ఎలా ఆగింది? తాళం తిప్పినట్టు టక్కున ఆగిందా, ఊగిసలాడి నీరసించి ఆగిందా? టక్కున ఆగితే సెన్సరో, వైరో, బ్యాటరీ ఎర్తో చూస్తాను. నీరసిస్తే డీజిల్ అందట్లేదన్నమాట. ‘ఏమో, ఆగిపోతుంది’ అన్నాడు పెద్దాయన. ఆవిడ మాత్రం లోపలికెళ్లి స్పైరల్ నోట్‌బుక్ ఒకటి తెచ్చింది.

ఆగిన ప్రతిసారీ రాసిపెట్టింది. తేదీ, టైము, ఎన్ని ఏసీలు నడుస్తున్నాయి, డీజిల్ ముల్లు ఎక్కడుంది. పెన్సిలుతో స్కేలు పెట్టి గీసిన గళ్లు. పదిహేడు సార్లు ఆగింది. పదిహేడుసార్లూ ముల్లు సగానికి కిందే ఉంది. ట్యాంకు నింపిన రోజుల్లో ఒక్కసారి కూడా లేదు.

ముందుగా ఆటో స్టార్ట్ ఆపేశాను. బ్యాటరీ తగ్గినప్పుడో, లోపల వేడెక్కినప్పుడో దానంతటదే స్టార్టయ్యే ఏర్పాటు అది, చేయి ఫ్యాను దగ్గరుండగా స్టార్టయితే అంతే సంగతులు. రేడియేటరు, ఆయిలు చూసుకుని, నేనే స్టార్ట్ చేసి రెండు ఏసీలూ వేసి మీటరు పెట్టాను. 60 హెర్ట్జ్ దగ్గరున్నది 58కి దిగింది, మళ్లీ లేచింది, 56, 57, ఆ తర్వాత గొంతు కూరుకుపోయినట్టయి ఆగింది. ఎయిర్ పట్టిన, అంటే డీజిల్‌తో పాటు గాలి లోపలికి పోయిన ఇంజను ఏ దేశంలోనైనా అలాగే చస్తుంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

బండి ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, డబ్బాలో డీజిల్ పోసుకుని, కొత్త పైపుతో నేరుగా పంపుకి ఇచ్చాను. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా ఆ డబ్బాలోకే. రెండు ఏసీలతో రెండు గంటలు నడిచింది, మీటరు కదల్లేదు. అంటే జనరేటర్‌లో తప్పేమీ లేదు. పాత పైపు మళ్లీ పెట్టి, పంపుకి ముందు అరచేయంత పారదర్శకమైన గొట్టం ఒకటి కలిపాను. ముందు ఒకటీ అరా బుడగ. లోడ్ పెరిగేకొద్దీ ఆవాల్లాంటివి బారులు కట్టాయి.

‘కానీ ఎక్కడా కారడం లేదే’ అన్నాడాయన. ముందు వచ్చినవాళ్లు కూడా కిందికి వంగి ఇదే మాట అని ఉంటారు. అది పంపు డీజిల్‌ను లాక్కునే వైపు. అక్కడ పైపుకి చీలిక వస్తే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే పంపు పెద్దగా లాగక్కర్లేదు, చీలిక మూసుకునే ఉంటుంది. మట్టం తగ్గేకొద్దీ గట్టిగా లాగాలి, చీలిక నోరు తెరుస్తుంది. ట్యాంకు నుంచి ముందు దాకా అంత పొడుగు పైపులో అది ఎక్కడుందో వెతకడమే అసలు పని. గచ్చు మీద వెల్లకిలా పడుకుని పైపంతా తడుముకుంటూ వెళ్లాను. ఛాసిస్ మీదుగా వంపు తిరిగే చోట, క్లిప్పుకి రెండు వేళ్ల అవతల, పైపుని వంచితే రబ్బరు ఎండిన చెరువులా బీటలు విచ్చింది. పొడిగా ఉంది, చుక్క తడి లేదు.

పైపు మొత్తం మార్చాను. రిటర్న్ పైపుదీ అదే వయసు కాబట్టి అడిగి దాన్నీ మార్చాను. ఎయిర్ తీసి వదిలేసరికి పొద్దుపోయింది.

పది రోజుల తర్వాత ఆవిడ ఫోన్. మళ్లీ ఆగింది, గొంతులో టెన్షన్. నాకూ గుండె జారింది. ముల్లు ఎక్కడుందని అడిగాను. పావుకి కొంచెం కింద అంది. హమ్మయ్య అనుకున్నాను. ఇలాంటి బళ్లలో జనరేటర్‌కి డీజిల్ లాగే గొట్టాన్ని ట్యాంకు అడుగు దాకా పెట్టరు, పావు దగ్గరే వదిలేస్తారు. జనరేటర్ మొత్తం తాగేస్తే బండి కదలదు మరి. ఆ మాట నేను అక్కణ్నుంచి వచ్చేసే ముందు చెప్పాను కూడా. ఆవిడ నవ్వి, ‘ఏదో చెప్పావు గానీ నాకు ఆ ముక్క అర్థం కాలేదు, అడగడానికి మొహమాటపడ్డాను’ అంది. ఈసారి మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. అవతల పెన్సిలు గీకుతున్న చప్పుడు వినబడింది.