చల్లారిన ఇంజనుకి ఎన్ని బకెట్లు పోసినా

సోనాపురంలో, బాహుదా నది సముద్రంలో కలిసే చోట, మా చిన్న బోటు కట్టి ఉంటుంది. సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజను. రేడియేటర్ లేదు, సముద్రపు నీళ్లనే పీల్చి, బ్లాకు (సిలిండర్ ఉండే ఇనుప దిమ్మ) చల్లబరుచుకుని, పొగగొట్టంలోంచి వదిలేస్తుంది. నేనుండేది బరంపురంలో, ఆదివారాలే వెళ్తాను. ఇంజను లోపల మిగిలిన ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగాలంటే బోటు అడుగున వాల్వు కట్టేసి, క్లిప్పు వదులు చేసి, పైపు పీకాలి. నడుం పట్టేసేది. సగం సార్లు కడిగేవాణ్నే కాదు.

అందుకే అడుగు వాల్వుకీ ఫిల్టర్ జాలికీ మధ్య ఒక త్రీవే వాల్వు పెట్టాను. హ్యాండిల్ ఇటు తిప్పితే సముద్రం, అటు తిప్పితే బకెట్. ఇత్తడిది చవకే గానీ ఉప్పునీళ్లకి అందులో జింకు కరిగి గుల్లబారిపోతుంది, కంచుదే కొన్నాను. కుళాయి పైపు నేరుగా తగిలించలేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు నీళ్లు ఒత్తిడితో వెళ్తే సైలెన్సర్ నిండి సిలిండర్‌లోకి ఎక్కుతాయి. బకెట్ అయితే పంపు కావలసినంతే తాగుతుంది.

మొదటి ఆదివారం మొక్కలకి నీళ్లు పట్టే పైపు ముక్క వాడాను. పంపు పీల్చగానే అది అప్పడంలా అతుక్కుపోయింది. పొగగొట్టంలోంచి నీళ్లు రాకపోవడం చూసి వెంటనే ఇంజను ఆపాను. లేకపోతే పంపులో తిరిగే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు మాడిపోయేవే. ఇప్పుడు లోపల తీగచుట్టు ఉన్న పైపు, రెండేసి క్లిప్పులు.

తర్వాతి వారం 20 లీటర్ల బకెట్లు నాలుగు, 15 నిమిషాల్లో అయిపోయాయి. పొగగొట్టం నీళ్లు నాలిక్కి రాసుకుంటే డీజిల్ కంపే తప్ప ఉప్పు లేదు. అనుమానమొచ్చి బ్లాకు డ్రెయిన్ కుళాయి కింద గ్లాసు పట్టాను. ఛీ, ఒట్టి ఉప్పు!

పక్క పడవలో వల బాగుచేసుకుంటున్న తాత నవ్వాడు. "ఇంజిను ఏడిగా ఉన్నప్పుడు కడగాల బాబూ. చల్లారిపోనాక ఏటి లాభం?"

నిజమే. వేడెక్కాకే నీళ్లని బ్లాకులోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకునేది 60 డిగ్రీల దగ్గర. అప్పటిదాకా నీళ్లలో ఎక్కువ భాగం బ్లాకుని తప్పించుకుని బైపాస్‌లోనే పోతాయి. నేను కడిగింది పొగగొట్టాన్ని!

మొన్న వేట నుంచి రాగానే, బోటు కట్టీకట్టక ముందే హ్యాండిల్ తిప్పాను. నాలుగు బకెట్లయ్యాక ఇంజను ఆపి, డ్రెయిన్ నీళ్లు గ్లాసులో చల్లార్చి చూశాను. కాస్త తుప్పు వాసన, రుచి మాత్రం చప్పన.

ఇంక హ్యాండిల్‌కి రంగులు వేయాలి, సముద్రం వైపు నీలం, బకెట్ వైపు ఎరుపు. నా మతిమరుపుకి ఎరుపు మీదే వదిలేసి వేటకి బయల్దేరినా బయల్దేరతాను.