లాట్ నంబర్లు వరసలోకి వచ్చిన రాత్రి

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్టుకి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న వెబ్ పేజీ రాశాను. అందులోని అర్రేలో, అంటే జాబితాలో, లాట్ నంబరు కీ (గుర్తు), క్వింటా ధర దాని వాల్యూ (విలువ). ధరల వరసలో చూపిద్దామని సార్ట్ అనే ఫంక్షన్ వాడాను. ధరలు చక్కగా సర్దుకున్నాయి కానీ లాట్ నంబర్లు పోయి 0, 1, 2 వచ్చాయి.

"ఒరేయ్, ఏ ధర ఏ రైతుదో ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు బాబాయి. గుండె జారిపోయింది. ఎండలో బస్తాలు తెచ్చుకున్న మనిషి లెక్క అది.

సార్ట్ పాత కీలను వదిలేస్తుంది. ధర ప్రకారం కావాలంటే ఏసార్ట్, కీ ప్రకారం కావాలంటే కేసార్ట్. ఈ రెండూ కీకీ విలువకీ ఉన్న ముడి విప్పవు. బాబాయి లాట్ వరసే కావాలన్నాడు, కేసార్ట్ పెట్టాను. అది ఇచ్చినదాన్ని మళ్లీ అదే వేరియబుల్‌లో వేస్తే జాబితా పోయి ట్రూ, అంటే పని అయిందన్న జవాబు, మిగిలింది! ఉన్న అర్రేనే సర్దుతుంది, కొత్తది ఇవ్వదు.

తర్వాత 'ఎల్10' లాట్ వచ్చి 'ఎల్2' కన్నా ముందు కూర్చుంది. అక్షరం అక్షరం పోలుస్తుంది కదా. అంకెల్ని మొత్తం సంఖ్యగా చూడమని చెప్పే సార్ట్ నేచురల్ ఫ్లాగ్ ఇచ్చాకే కుదిరింది.

పొద్దున్నే బాబాయి ఫోన్‌లో ఒక్కో లాటూ చిట్టాతో సరిచూసుకున్నాడు. అన్నీ కలిశాయి.