తాతయ్య తుపాకీకి సరిపడే తూటా

ఆదివారం.

పొద్దున్నే తాతయ్య తుపాకీ బయటికి తీశాను. ఏడాదికి నాలుగైదు సార్లు తీసి, తుడిచి, పల్చగా నూనె రాసి, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వెయ్యడం నాకు అలవాటు. ఇవాళ పని అది కాదు. నిన్న రాత్రి బావ వచ్చి రెండు పెట్టెల తూటాలు బల్ల మీద పెట్టి వెళ్లాడు. "మీ తాతయ్యది పన్నెండు బోరే, ఇవీ పన్నెండు బోరే. ఇంకా ఎన్నాళ్లు దాచుకుంటావ్? వచ్చే ఆదివారం మట్టి బిళ్లలు గాల్లోకి విసిరి కాల్చే క్లే టార్గెట్ల దగ్గరికి తీసుకురా" అన్నాడు. ప్రేమగా తెచ్చాడు. ఆ తుపాకీ మళ్లీ మోగితే వినాలని నాకూ ఎప్పటినుంచో ఉంది. కానీ రాత్రంతా ఏదో టెన్షన్. పెట్టె మీద తూటా పొడవు 70 మి.మీ., లోపలి చిన్న చిన్న సీసం గుళ్ళ బరువు 36 గ్రాములు అని ఉంది. తుపాకీ మీద ఏముందో ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదని అప్పుడు గుర్తొచ్చింది.

గొట్టాలు విడదీసి తిరగేశాను. చాంబర్ల (తూటా కూర్చునే చోటు) అడుగున చదునుగా ఉండే చోట చిన్న చిన్న ముద్రలుంటాయి. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె గట్టిపడి వాటిని పూడ్చేసింది. పాత టూత్ బ్రష్‌తో, కాస్త కిరోసిన్‌తో మెల్లగా రుద్దితే ఒక్కొక్కటే తేలాయి. భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. కిరీటం, దాని కింద బీపీ. ఇంకో కిరీటం కింద బీవీ. మూడోదాని కింద ఎన్‌పీ. ఒక డైమండ్ గుర్తు, అందులో 12, దాని కింద సీ. పక్కన 13/1. ఆ తర్వాత 2½ అంగుళాలు. చివరిది సగం అరిగిపోయింది. లైటు పక్కనుంచి పడేలా తిప్పితే అదీ కనిపించింది: 1⅛ ఔన్సు.

ఇవి బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు. 1813లో బ్రిటిష్ పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సంస్థ అది. తయారైన ప్రతి తుపాకీలో మామూలుకన్నా గట్టి మందు వేసి కావాలని పేల్చి చూస్తారు. తట్టుకుంటేనే ముద్ర పడుతుంది. ఎన్‌పీ అంటే నైట్రో ప్రూఫ్. నల్లగా పొగ కక్కే పాత తుపాకీమందుకే కాకుండా, తర్వాత వచ్చిన పొగలేని మందుకు కూడా పరీక్ష జరిగిందని దాని అర్థం. చాంబర్ పొడవు కూడా ముద్ర వెయ్యడం 1925 నియమాలతో వచ్చింది. 1954లో ఆ ముద్రల తీరు మారిపోయింది. అంటే తాతయ్య తుపాకీ ఆ రెండు సంవత్సరాల మధ్యలో పుట్టింది. దాని వయసు ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే తలో మాట చెప్పేవాళ్లు. సమాధానం ఇన్నాళ్లూ గొట్టం అడుగునే ఉంది.

13/1 నన్ను చాలాసేపు తిప్పలు పెట్టింది. పన్నెండు బోరు అంటే, ఒక పౌను సీసం లోహాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపల అంత వెడల్పు అని లెక్క. అది 0.729 అంగుళం. 13/1 అంటే 0.719. చాంబర్ పన్నెండుదే అయినా, గొట్టాన్ని కాస్త బిగువుగా తొలిచారు. ప్రూఫ్ రోజున ఉన్న కొలత అది. తర్వాత ఎవరైనా లోపల తుప్పు గీకించి నున్న చేయిస్తే కొలత పెరుగుతుంది, గోడ పల్చబడుతుంది. పోయిన నెల మరమ్మతు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది ఇందుకే. ఆయన గొట్టం పొడవునా కొలిచి, అన్నిటికన్నా పల్చని చోటు ఎడమ గొట్టంలో ఉందని, అక్కడ 26 థౌ అని చీటీ మీద రాసిచ్చారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటర్లలో 0.66. వేలిగోరు కంటే కాస్త మందం, అంతే. పన్నెండు బోరుకి 20 థౌ కంటే తగ్గితే ఇక కాల్చొద్దంటారు ఆయన. ఆ గోరంత ఇనుము మన ఎడమ చెయ్యి పట్టుకునే చోటికి దగ్గరగానే ఉంటుంది. ఆ సంగతి తెలిశాక గొట్టం పట్టుకుంటే చేతికి వేరేగా అనిపిస్తోంది.

తర్వాత చేసిన పని ఇక్కడ దాచకుండా రాస్తున్నాను. గొట్టాలు మళ్లీ బిగించి, బావ ఇచ్చిన తూటా ఒకటి తీసి కుడి చాంబర్‌లో పెట్టి చూశాను. జారిపోయినట్టు లోపలికి వెళ్లిపోయింది. తుపాకీ మూసుకుంది కూడా. ఎక్కడా అడ్డం లేదు, బిగువు లేదు. వెంటనే తెరిచి తీసేశాను. సరైన తూటా అయినా ఇంట్లో అలా పెట్టి చూడకూడదు, ఇంకెప్పుడూ పెట్టను. అంత సులువుగా పట్టడం చూశాకే నాకు భయం వేసింది. దాని మాట నమ్మి ఎంతమంది కాల్చి ఉంటారో.

బావ సంచిలో అతను తన కొత్త తుపాకీతో కాల్చేసిన ఖాళీ తొడుగులు కొన్ని మిగిలాయి. ఒకటి తీసి స్కేలు పక్కన పెట్టాను. 70 మి.మీ. దాని పక్కన కాల్చని తూటా పెట్టాను. 58 మాత్రమే. పన్నెండు మిల్లీమీటర్ల తేడా. మూతి దగ్గర ఆరు మడతలతో నక్షత్రంలా లోపలికి మూసి ఉంటుంది కదా, పేలినప్పుడు ఆ మడత విచ్చుకుని నిటారుగా అవుతుంది. పెట్టె మీద రాసేది ఆ విచ్చుకున్న పొడవు. తాతయ్య తుపాకీ మీద ఉన్న 2½ అంగుళాలు అంటే ఇప్పటి పెట్టెల మీద 65 మి.మీ. అని రాసేది; ఆ చాంబర్ 65 మి.మీ. తూటా కోసం తొలిచింది. చాంబర్ అయిపోయిన చోట గొట్టం గరాటులా సన్నబడుతుంది. 70 తూటా విచ్చుకుంటే ఆ చివరి ముక్క గరాటులోకి పోయి పడుతుంది. లోపలినుంచి గుళ్ళు, వాటికీ మందుకీ మధ్య ఉండే వాడ్ అనే బిళ్ల దూసుకొచ్చే దారి ఆ క్షణాన ఇరుకవుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. పైగా 36 గ్రాములు. ముద్ర చెప్పిన 1⅛ ఔన్సు అంటే దాదాపు 32 గ్రాములు. పొడవులో ఒక తప్పు, బరువులో ఇంకో తప్పు.

పట్టడం వేరు, సరిపడటం వేరు. చిన్నప్పుడు చెప్పుల విషయంలో నాన్న అనేవాడు ఆ మాట.

పది గంటలకి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన మొదట అడిగింది "అమ్మా, కాల్చలేదు కదా?" అని. లేదని చెప్పాక గొంతు తేలికపడింది. అప్పటికే నేను ఇంకో లెక్కతో తల పాడుచేసుకుని ఉన్నాను. 1954 తర్వాత ఇలాంటి తుపాకుల మీద 3 టన్నులు అని ముద్ర ఉంటుందని చదివాను. చదరపు అంగుళానికి 3 బ్రిటిష్ టన్నులు అంటే 6,720 పౌన్లు. ఇప్పటి యూరప్ సీఐపీ ప్రమాణంలో మామూలు పన్నెండు బోరు తూటాకి పైహద్దు 740 బార్ (బార్ అనేది ఒత్తిడి కొలత), అంటే చదరపు అంగుళానికి దాదాపు 10,730 పౌన్లు. అమెరికా వాళ్ల సామీ ప్రమాణంలో హద్దు 11,500. అలాగైతే ఈ తుపాకీకి లోకంలో తూటాయే లేదేమో అని దిగులు పడ్డాను.

"ఆ రెండు అంకెలూ ఒకే త్రాసులో తూచినవి కావమ్మా" అన్నారాయన. పాతకాలంలో గొట్టానికి రంధ్రం పెట్టి, అందులో ఒక చిన్న లోహపు ముక్క ఉంచి, పేలినప్పుడు అది ఎంత నలిగిందో చూసి ఒత్తిడి చెప్పేవారట. లోహం నలగడానికి సమయం పడుతుంది. ఒత్తిడి శిఖరం మాత్రం వెయ్యోవంతు సెకనులో వచ్చి పోతుంది. అందుకే ఆ పద్ధతిలో అంకె తక్కువ వస్తుంది. ఇప్పుడు వాడే పీజో అనే ఎలక్ట్రానిక్ సెన్సర్ ఆ శిఖరాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. పాత టన్నుల్ని కొత్త పౌన్లలోకి గుణించి పోలిస్తే తప్పు లెక్క వస్తుంది. నా దిగులు సగం తీరింది. సగమే. ఎందుకంటే ఆయన వెంటనే "అలాగని 740 దగ్గరికి పోవద్దు. పాతవాటిని ప్రేమగా చూసుకునేవాళ్లు 7,500, 8,000 పీఎస్ఐ లోపలే ఉంటారు, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌన్లు. బార్లలో 520, 550. అక్కడ వెతుకు" అన్నారు.

ఇంకో విషయం ఆయన గట్టిగా చెప్పారు. అది నాకు అస్సలు తెలియదు. 65 మి.మీ. అని రాసున్నంత మాత్రాన తక్కువ ఒత్తిడి తూటా అయిపోదు. సీఐపీలో 65కీ 70కీ పైహద్దు ఒకటే. పొడవు సరిపోతే ఒక గండం గడిచినట్టు, అంతే. ఒత్తిడి సంగతి విడిగా అడగాలి.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. విషయం చెబితే బాధపడలేదు, ఆలోచనలో పడ్డాడు. "అయితే 24 గ్రాములవి తెస్తాను, భుజానికి కూడా మెత్తగా ఉంటాయి" అన్నాడు. నేనూ పొద్దుటి దాకా అలాగే అనుకున్నాను. భుజానికి తగిలే దెబ్బ, గొట్టంలో ఒత్తిడి ఒకటి కావు. దెబ్బ ఎంతన్నది ఎంత బరువు, ఎంత వేగంతో బయటికి పోయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒత్తిడి శిఖరం మందు ఎంత త్వరగా మండిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆగిపోయిన బండిని భుజం ఆనించి మెల్లగా తోసినా కదులుతుంది, వెనకనుంచి ఇంకో బండితో గుద్దినా కదులుతుంది. రెండో పద్ధతిలో బంపర్ సొట్టపోతుంది. త్వరగా మండే మందుతో చేసిన 24 గ్రాముల, వేగంగా పోయే తూటా భుజానికి మెత్తగానే తగులుతుంది, లోపల మాత్రం శిఖరం ఎత్తుగా ఉండొచ్చు. నెమ్మదిగా మండే మందుతో 28 గ్రాములు పంపితే శిఖరం దానికంటే తక్కువ ఉండొచ్చు. అలాగని దెబ్బను కూడా మర్చిపోకూడదు. తాతయ్య తుపాకీ వెనక చెక్క చాలా పాతది. చెక్క ఇనుముకి అతుక్కునే చోట వెంట్రుకంత గీత ఒకటి ఉంది, అది పెరగకూడదు. కాబట్టి నాకు రెండూ తక్కువగా ఉన్నవే కావాలి.

మూడింటినుంచి ఆరింటిదాకా కంపెనీల కేటలాగులు చూస్తూ కూర్చున్నాను. ఈలీ, గేమ్‌బోర్, హల్ వాళ్లు 65 మి.మీ. తూటాలు చేస్తున్నారు. అమెరికాలో పాలీవాడ్ వాళ్లు పాత తుపాకుల కోసమే వింటేజర్ అని ఒకటి చేశారు. పొడవు రాస్తారు, గ్రాములు రాస్తారు, గుళ్ళ సైజు, వాడ్ ఫైబరా ప్లాస్టికా, వేగం, అన్నీ రాస్తారు. నాకు కావలసిన ఒక్క అంకె దాదాపు ఎక్కడా లేదు. వేగం ఎంతో గర్వంగా పెద్ద అక్షరాల్లో వేసేవాళ్లు ఒత్తిడి ఎంతో చిన్న అక్షరాల్లోనైనా వెయ్యొచ్చు కదా! వాళ్ల దగ్గర ఆ కొలత ఉంటుంది. కొలవకుండా ఏ పెట్టే బయటికి రాదు. ఈ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. మూడు కంపెనీలకి మెయిల్ రాశాను: 65 మి.మీ., 28 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ, ఫైబర్ వాడ్, సీసం గుళ్ళు, సగటు ఒత్తిడి ఎన్ని బార్లు, ఎక్కువలో ఎక్కువ ఎన్ని బార్లు అని.

సీసం అని ఎందుకు రాశానంటే, స్టీలు గుళ్ళు ఈ గొట్టాల్లో వద్దు. స్టీలు నలగదు. మూతి దగ్గర ఎడమ గొట్టం బాగా బిగువు, అక్కడ ఉబ్బిపోతుంది. సీసం వాడకూడని చోటైతే బిస్మత్ ఉంది. సీసం సాంద్రత 11.3 అయితే దానిది 9.7 దగ్గర, స్టీలుది 7.8. బిస్మత్ మెత్తన, పాత గొట్టాన్ని గీకదు.

బావ మళ్లీ ఫోన్ చేసి, తూటాలు మనమే ఇంట్లో నింపుకుంటే నచ్చిన ఒత్తిడికి చేసుకోవచ్చట కదా అన్నాడు. చేసేవాళ్లున్నారు. కానీ అక్కడ మందుని అంటించే ప్రైమర్ ఒక్కటి మార్చినా, వాడ్ మార్చినా ఒత్తిడి ఎక్కడికో పోతుంది. పరీక్షించి అచ్చువేసిన లెక్కని అక్షరం తప్పకుండా పాటించాలి. నాకు ఇంకా అంత అనుభవం లేదు, వద్దన్నాను.

సాయంత్రం బావ వచ్చి తన పెట్టెలు తీసుకెళ్లాడు. అవి అతని తుపాకీకి చక్కగా సరిపోతాయి. వెళ్తూ వెళ్తూ అతని సంచి అడుగున ఒక పసుపు రంగు తూటా కనిపిస్తే తీసి చూపించాను. ఇరవై బోరుది. ఎవరిదో కలిసిపోయింది. అది పన్నెండు బోరులో పడితే చాంబర్ దాటి జారి గరాటు దగ్గర ఇరుక్కుంటుంది, పైనుంచి చూస్తే చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక పన్నెండుది పెట్టి కాలిస్తే గొట్టం చీలిపోతుంది. ఇరవై బోరువి పసుపు రంగులో చెయ్యడం ఇందుకే. బావ అక్కడే నేల మీద సంచి బోర్లించి ప్రతి తూటా విడిగా చూసుకున్నాడు. పన్నెండువి ఒక పక్క, అనుమానం ఉన్నవి ఒక పక్క. ఇద్దరం కూర్చుని అరగంట ఏరాం.

అతను వెళ్లాక తుపాకీ పెట్టె మూత తెరిచాను. మూత లోపల తాతయ్య అంటించిన కాగితం ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఇంకు పాలిపోయి గోధుమరంగుకి తిరిగింది. ఏవో లెక్కలనుకునేదాన్ని. ఇవాళ పొద్దుటి భూతద్దంతోనే చదివాను. "2½ మాత్రమే. 1 ఔన్సు చాలు." ముద్ర 1⅛ దాకా ఒప్పుకున్నా ఆయన ఒకటి దగ్గరే ఆగారు. ఒక ఔన్సు అంటే 28 గ్రాములు. నేను మెయిల్‌లో రాసింది కూడా అదే.

దాని కింద కొత్త కాగితం అంటించాను. 65 మి.మీ. 28 గ్రాములు. సీసం లేదా బిస్మత్. స్టీలు వద్దు. ఎడమ గొట్టం 26 థౌ, కొలిచిన తేదీ. ఒత్తిడి అన్న చోట ఖాళీ వదిలాను. జవాబు వచ్చాక నింపాలి.

గొట్టాలు మళ్లీ ఒకసారి నూనె గుడ్డతో తుడిచి తాళం వేశాను. వచ్చే ఆదివారం బావతో వెళ్తాను, చూడటానికి.