ఒకే ఫ్లెక్సు మీద తెలుగు, ఒడియా: ఫాంట్లు ఎక్కడ తప్పుతాయంటే

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు డీటీపీ (కంప్యూటర్లో అక్షరాలు, పేజీలు కూర్చే పని) చేసేవాళ్లకు ఒక్క భాషలో పని రావడం తక్కువ. శుభలేఖలో తెలుగు పక్కన ఒడియా ఉండాలి. మజ్జిగౌరమ్మ ఉత్సవం ఫ్లెక్సులో పైన ఒడియా, కింద తెలుగు, ఫోన్ నంబరు ఇంగ్లీషు అంకెల్లో. అందుకే ఫాంటు తంటాలు ఇక్కడ రెట్టింపు. అయితే వాటిలో చాలావాటికి మూలం మూడింటిలో ఒకటే, తెర చూడగానే పోల్చుకోవచ్చు.

అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ ఫాంటులో ఆ లిపి లేదు. అక్షరాలుండి, వత్తులు విడిపోయి పొల్లుతో పక్కపక్కన నిలబడితే ఫాంటు దాదాపు ఎప్పుడూ మంచిదే, సాఫ్ట్‌వేరే వాటిని కలపడం లేదు. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి) కాదు, అను, ఆకృతి లాంటి పాత పద్ధతిలో కొట్టిన మేటరు. ఏది ఏదో తేల్చుకోకుండా ఫాంటు తీసి మళ్లీ వేస్తూ కూర్చుంటే పొద్దు గడుస్తుంది, పని కాదు.

వేయడం చిన్న పనే. జిప్‌ను ముందు విప్పాలి. ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, 'ఇన్‌స్టాల్' కాకుండా 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' ఎంచుకోండి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి మామూలు ఇన్‌స్టాల్ ఫాంటును ఆ యూజర్ ఫోల్డరులోనే పెడుతోంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు అక్కడ వెతకవు, విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్‌లోనే చూస్తాయి. వేశాక కోరల్‌డ్రానో ఫొటోషాప్‌నో మూసి తెరవండి. గూగుల్ ఫాంట్స్ జిప్‌లో వేరియబుల్ (అన్ని లావులూ ఒకే ఫైలులో ఉండే) ఫైలుతో పాటు 'స్టాటిక్' అనే ఫోల్డరు కూడా ఉంటే, పాత కోరల్ వాడేవాళ్లు అందులోవే వేయాలి. కోరల్‌డ్రాకు వేరియబుల్ ఫాంట్లు తెలిసింది 2020 వెర్షన్‌తోనే.

అసలు చిక్కు వత్తుల దగ్గరే. 'శ్రీ' లాంటి అక్షరం ఫాంటులో సిద్ధంగా ఉన్నా, శ, పొల్లు, ర, గుడి దీర్ఘం వరసగా వచ్చినప్పుడు ఆ రూపం తెచ్చి పెట్టాల్సింది సాఫ్ట్‌వేరులోని టెక్స్ట్ ఇంజిన్. పాత ఫొటోషాప్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్'కు మార్చాలి. తర్వాతి వెర్షన్లలో దాని పేరు 'వరల్డ్ రెడీ లేఅవుట్'. ఈ మార్పు కొత్తగా మొదలుపెట్టే ఫైళ్లకే వర్తిస్తుంది, కాబట్టి పాత ఫైలులో టెక్స్ట్ లేయరు ఎంచుకుని పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో, అక్షరాలను వరసల్లో కూర్చే కంపోజర్‌ను మార్చండి. ఇన్‌డిజైన్‌లోనూ అదే మెనూలో 'అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో ముందు ప్రిఫరెన్సెస్, టైప్‌లో 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ పెట్టి, తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కంపోజర్ మార్చాలి. కోరల్‌డ్రాకైతే ఓపెన్‌టైప్ (అక్షరాలు కలిపే నియమాలు ఫాంటులోనే ఉండే పద్ధతి) తెలిసిందే ఎక్స్6తో, అంటే 2012లో. ఎక్స్3, ఎక్స్4లలో ఏ యూనికోడ్ ఫాంటు వేసినా వత్తులు కుదరవు. అక్కడ తిప్పలు పడటం మానేయడం మంచిది.

పరీక్షకు తెలుగులో 'లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, జ్ఞానం' కొట్టి చూడండి. ఒడియాలో ఏకారం హల్లుకు ఎడమవైపు పడాలి, 'ధర్మ'లో రకారం మ మీదికెక్కాలి. ఒడియా చదవడం రాకపోయినా ఈ రెండూ చూస్తే ఇంజిన్ పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

అను మేటరుకు ఈ సెట్టింగులేవీ అక్కరలేదు. అది ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన పద్ధతి. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ తెలుగును అను ఫాంటులో అతికిస్తే రాదు, కన్వర్టరులో మార్చి అతికించాలి. మార్చాక ప్రూఫు తప్పక చదవాలి, వత్తుల మీద వత్తులున్న చోట కన్వర్టర్లు తడబడతాయి. పెళ్లికూతురి పేరు తప్పు పడితే ఆ శుభలేఖ ఎవరికీ ఇవ్వలేం. కొత్త పనులు యూనికోడ్‌లోనే మొదలుపెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

రెండు లిపులూ ఒక ఇంటివాటిలా కనిపించాలంటే ఒకే కుటుంబం ఫాంట్లు తీసుకోండి. బాలూ కుటుంబంలో తెలుగుకు తమ్ముడు, ఒడియాకు భాయినా ఉన్నాయి. కాస్త గంభీరంగా కావాలంటే అనేక్ తెలుగు, అనేక్ ఒడియా. శీర్షికలకు గిడుగు ఫాంటు బాగుంటుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి సవర భాష మీద పనిచేసిన గిడుగు రామమూర్తి పేరే దానికి పెట్టారు. ఆ సవర భాషకు 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన సోరంగ్ సోంపెంగ్ లిపి కావలసి వస్తే నోటో సాన్స్ సోరా సోంపెంగ్ ఉంది. ఇవన్నీ ఉచితం, వ్యాపార పనులకూ వాడుకోవచ్చు.

పాయింట్ సైజు ఒకటే పెట్టినంత మాత్రాన రెండు లిపులూ సమానంగా కనిపించవు. అంకె చూడకుండా కంటితో సరిచూసి ఒకదాన్ని తగ్గించండి. ఫొటోషాప్ ఆటో లీడింగ్ (వరసల మధ్య దూరం) అక్షరం సైజులో 120 శాతం, తెలుగుకు అది చాలదు. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. 140 నుంచి 150 శాతం పెడితే ఊపిరాడుతుంది. ఫాక్స్ బోల్డ్ (సాఫ్ట్‌వేరే అక్షరాన్ని కృత్రిమంగా లావు చేయడం) జోలికి పోవద్దు. అక్షరాల కన్నాలు మూసుకుపోతాయి, పైగా అది ఉన్న లేయరును ఫొటోషాప్ షేప్‌గా మార్చనివ్వదు. లావు కావాలంటే ఆ కుటుంబంలోని బోల్డ్ ఫాంటే వేయండి.

ప్రింటుకు విశాఖో శ్రీకాకుళమో పంపేటప్పుడు అక్కడ మీ ఫాంటు ఉంటుందని నమ్మకండి. కోరల్‌లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ కొట్టి అక్షరాలను కర్వులుగా (ఫాంటు అక్కరలేని గీతల బొమ్మలుగా) మార్చండి. మార్చేముందు ఫైలును వేరే పేరుతో దాచుకోవాలి, కర్వుల్లో ముహూర్తం సమయం దిద్దడం కుదరదు. ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్ చేస్తే ఫైలు పక్కన 'డాక్యుమెంట్ ఫాంట్స్' ఫోల్డరు వస్తుంది. అవతలివాళ్లు ఆ ఫోల్డరును కదపకుండా ఫైలు తెరిస్తే అందులోని ఫాంట్లు ఇన్‌స్టాల్ చేయకపోయినా పనిచేస్తాయి.