కొత్త హార్డ్ డిస్క్‌ని నమ్మే ముందు

ఇంట్లో స్టోరేజ్ సర్వర్ పెట్టుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, కొత్త డిస్క్ కదా అని వెంటనే ఫొటోలు ఎక్కించేయొద్దు. ముందు స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్క్ తనంతట తానే మొత్తం చదివి చెక్ చేసుకునే పరీక్ష) పెట్టండి, తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే లినక్స్ టూల్‌ని రైట్ మోడ్‌లో నడపండి, అది డిస్క్ మొత్తం నాలుగు రకాల ప్యాటర్న్‌లు రాసి మళ్లీ చదివి సరిచూస్తది, అందుకే 4 టీబీ డిస్క్‌కి రెండు మూడు రోజులు పట్టొచ్చు, ఉన్నదంతా చెరిగిపోతది కాబట్టి ఖాళీ డిస్క్ మీదే చేయాల. అయిపోయాక మళ్లీ లాంగ్ టెస్ట్ పెట్టి స్మార్ట్ రిపోర్టులో 5, 197, 198 నంబర్ల వరసలు చూడండి, రీఎలొకేటెడ్ (పాడై వేరే చోటికి మార్చినవి), పెండింగ్ (అనుమానంగా ఉన్నవి), అన్‌కరెక్టబుల్ (చదవలేకపోయినవి) సెక్టార్ల లెక్కలు అవి, మూడిట్లోనూ అసలు లెక్క (రా వాల్యూ) సున్నా ఉండాల. కొత్త డిస్క్‌లో ఒక్కటి కనపడినా నేనైతే వారంటీలో మార్చుకుంటా. 199, అంటే కేబుల్‌లో డేటా పోయేటప్పుడు వచ్చే తప్పుల లెక్క, పెరగతా ఉంటే మాత్రం ముందు డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి, పాత లెక్క తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాల.

మా నెల్లూరు ఎండల సంగతి తెలిసిందే కదా, రోహిణి కార్తెలో గదే కాలిపోతా ఉంటది, డిస్క్‌ల ముందర ఫ్యాన్ లేకుండా ఈ టెస్ట్ మొదలుపెట్టొద్దు, టెంపరేచర్ 50 డిగ్రీలు దాటితే ఆపేయడం మేలు. తుఫాను రోజుల్లో కరెంటు పోతా వస్తా ఉంటది, యూపీఎస్ కూడా ఉండాల.

రైడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్క్‌లు కలిపి వాడడం) ఉంది కదా బ్యాకప్ ఎందుకు అంటారు కొంతమంది, పొరపాటున ఫైల్ డిలీట్ చేస్తే అది అన్ని డిస్క్‌ల్లోనూ పోతది, అందుకే ఇంకో కాపీ ఒంగోల్లో అక్కావాళ్లింట్లో పెట్టినా.